కాన్ఫరెన్స్ అంటే అఫిలియేషన్ లాంటిదే అన్నాను

2024 అక్టోబరు, సౌత్ ఆక్లండ్‌లోని ఒక హైస్కూలు. నేను అక్కడ కెరీర్స్ అడ్వైజర్‌ని. ఇయర్ థర్టీన్ పిల్లలు, అంటే మన లెక్కలో ఇంటర్ రెండో ఏడాది వాళ్ళు, స్కూలు వదిలాక ఏ చదువుకి వెళ్ళాలి, ఏ పనిలో చేరాలి, దానికి ఏ కాగితాలు ఎప్పటిలోగా పంపాలి అన్నవి చూసిపెట్టడం నా ఉద్యోగం. ఖమ్మం నుంచి చదువుకోవడానికి వచ్చి, పాపటోయిటోయిలో ఒక డెయిరీలో మూడేళ్ళు కౌంటర్ వెనక నిలబడి, ఆ తర్వాత ఈ పనిలో పడ్డాను. ఇక్కడ డెయిరీ అంటే పాలకేంద్రం అనుకునేరు, వీధి మొదట్లో ఉండే కిరాణా కొట్టు. ఆ కొట్లో నేర్చుకున్న ఓపిక ఈ ఉద్యోగంలో సగం పని చేస్తుంది. మిగతా సగం నా నోటి దురుసు చేసుకుపోతుంది.

ఈ పనిలో కష్టమైనది ఏమిటని అడుగుతుంటారు. ఏడ్చే పిల్లలు, అరిచే తండ్రులు అంటానేమో అని చూస్తారు. నేను మాత్రం అమెరికా కాలేజీల కాన్ఫరెన్సులు అని చెబుతాను.

మన దగ్గర కాలేజీ ఆటలంటే ఏడాదికోసారి యూనివర్సిటీ టీముకి ఎంపిక, ఒక టోర్నమెంటు, ఒక కప్పు. అమెరికాలో అది వేరే ప్రపంచం. ప్రతి కాలేజీకీ ఏదో ఒక కూటమిలో సభ్యత్వం ఉంటుంది. ఆ కూటమినే కాన్ఫరెన్స్ అంటారు. ఆ సభ్యులు ఎక్కువగా తమలో తామే ఆడుకుంటారు, అందులో గెలిచినవాళ్ళు జాతీయ పోటీలకి వెళతారు. ప్రతి కాన్ఫరెన్స్‌కీ ఒక పుట్టుక ఉంటుంది, అలకలు ఉంటాయి, వచ్చేవాళ్ళు పోయేవాళ్ళు ఉంటారు. కొన్నిటి పేర్లలో ఒక అంకె ఉంటుంది, సభ్యులు ఆ అంకెను ఎప్పుడో దాటిపోయినా పేరు మాత్రం మార్చరు. మా స్కూలు నుంచి ఏడాదికి ఒకరో ఇద్దరో రోయింగుకో, రగ్బీకో, హాకీకో అక్కడి స్కాలర్‌షిప్ తెచ్చుకుంటారు. పిల్ల ఎక్కడైనా సంతకం పెట్టే ముందు ఆ కాలేజీ ఉన్న కాన్ఫరెన్స్ చరిత్రంతా ఒక కాగితం మీద రాసుకోవడం నా అలవాటు. మొదట ఎవరు కలిశారు, ఎవరు ఎప్పుడు చేరారు, ఎవరు ఎందుకు వెళ్ళిపోయారు, ఇప్పుడు ఏ ఆట ఎంతమంది ఆడుతున్నారు. స్టాఫ్‌రూములో వాళ్ళు దీన్ని నా వంశవృక్షాల పిచ్చి అంటారు.

ఈ కథలో వచ్చే కాన్ఫరెన్స్‌ని వ్యాలీ అని పిలుస్తాను, అసలు పేరు వేరు. ఒక నది పొడుగునా ఉన్న ఏడు టీచర్ ట్రైనింగ్ కాలేజీలు కలిసి మొదలుపెట్టాయి దాన్ని. పొద్దున బస్సెక్కి వెళ్ళిన టీము సాయంత్రం హాస్టల్లో భోజనం వేళకి తిరిగి రావాలి, అంత దగ్గరివాళ్ళతోనే ఆడాలి అన్నది వాళ్ళ మొదటి ఒప్పందం. తర్వాత ఒక కాలేజీ మూతపడింది. ఒకటి పెద్ద స్టేడియం కట్టుకుని, వీళ్ళతో ఆడటం నామోషీ అనిపించి వెళ్ళిపోయింది, తర్వాత ఇంకొన్ని కూడా. ఖాళీ నింపడానికి కొండల అవతలి కాలేజీని పిలిచారు, ఆ తర్వాత సముద్రం ఒడ్డుదాన్ని పిలిచారు. ఇప్పుడు ఒక మ్యాచ్ ఆడాలంటే విమానం ఎక్కాలి. ఈ చరిత్రను నేను ఇష్టంగా చదువుకున్నాను, నిజం చెప్పాలంటే కాలక్షేపానికి చదివినట్టు చదివాను.

ఆ ఏడాది మా స్కూలు హాకీ టీముకి గోల్‌కీపరు హెప్సిబా. అందరికీ హెప్సీ. వాళ్ళమ్మ సుజాత ఒక రెస్ట్‌హోమ్‌లో, అంటే వృద్ధుల ఆశ్రమంలో, నర్సు. నాన్న ప్రకాశ్ గారు ఎయిర్‌పోర్టు దగ్గర వేర్‌హౌస్‌లో పని చేస్తారు. నరసాపురం వాళ్ళు. హెప్సీ ఇక్కడే పుట్టింది, తెలుగు బాగా అర్థమవుతుంది, మాట్లాడటం మాత్రం ఇంగ్లీషులోనే. ఇంటి వెనక కంచెకి ఆనుకుని నిలబడితే వాళ్ళ నాన్న డ్యూటీ నుంచి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా, టెన్నిస్ బంతులు విసిరేవారట, ఆ పిల్ల కాళ్ళతో ఆపేదట. అలా తయారైన గోల్‌కీపరు. అమెరికాలో హాకీ ఆడుతూ స్పోర్ట్స్ మెడిసిన్ చదవాలని కోరిక. స్కాలర్‌షిప్ లేకపోతే ఆ ఇంటికి ఆ చదువు అందేది కాదు, ఆ సంగతి వాళ్ళకీ తెలుసు, నాకూ తెలుసు.

రెండు కాలేజీలు పిలిచాయి. ఒకటి వ్యాలీలో ఉన్నది, దాన్ని నది ఒడ్డు కాలేజీ అందాం. హెప్సీ కోరుకున్న కోర్సుకి మంచి పేరు. రెండోది వేరే కాన్ఫరెన్స్‌లో, ఒక గుట్ట మీద ఉన్న చిన్న కాలేజీ. ఒక టీము ఏడాదికి ఒక్క గోల్‌కీపర్నే తీసుకుంటుంది కాబట్టి రెండు పిలుపులు రావడమే గొప్ప.

ఆగస్టులో ప్రకాశ్ గారు వేర్‌హౌస్ పచ్చ జాకెట్‌తోనే నా గదికి వచ్చారు. అన్నీ శ్రద్ధగా విన్నారు, చివర్లో అసలు ఈ కాన్ఫరెన్స్ అంటే ఏంటండి మేడమ్ గారండి అని అడిగారు. పది నిమిషాలు చెప్పాను. తల ఊపుతున్నారే గాని కళ్ళలో అర్థమైన జాడ లేదు. తలుపు బయట ఇంకో కుటుంబం కూర్చుని ఉంది. గడియారం చూసుకుని, "మన దగ్గర ఇంజనీరింగ్ కాలేజీలకి యూనివర్సిటీ అఫిలియేషన్ ఉంటుంది కదా, ఇంచుమించు అలాంటిదే అనుకోండి" అన్నాను.

ఆయన మొహం విప్పారింది. "అలా చెప్పండి మరి. ఇప్పుడు అర్థమైందండి" అన్నారు. నాకూ హాయిగా అనిపించింది. ఇంత చక్కటి పోలిక ఇన్నాళ్ళూ ఎందుకు తట్టలేదా అనుకుని, ఆ నెలలో ఇంకో ఇద్దరు తెలుగు తల్లిదండ్రుల దగ్గర కూడా వాడేశాను. ప్రకాశ్ గారు ఇండియాలో ఏ పని చేసేవారో అడగాలని మాత్రం తోచలేదు.

వాళ్ళు నది ఒడ్డు కాలేజీకి వెర్బల్ కమిట్‌మెంట్ ఇచ్చారు. అంటే నోటి మాట, సంతకాలు నవంబరులో. సంతకం అయ్యేదాకా రెండోదాన్ని కాదనకండి, మర్యాదగా జవాబులిస్తూ ఉండండి అని చెప్పి పంపించాను. ఆ ఆదివారం చర్చిలో ప్రకాశ్ గారు నిలబడి సాక్ష్యం చెప్పారట, కాలేజీ పేరు సహా. సంఘమంతా హెప్సీ కోసం ప్రార్థన చేసింది.

అక్టోబరులో ఒక గురువారం పొద్దున స్టాఫ్‌రూములో కాఫీ కలుపుకుంటూ ఫోను చూశాను. నది ఒడ్డు కాలేజీ వచ్చే జూలైలో వ్యాలీని వదిలేస్తోందని వార్త. వాళ్ళ అమెరికన్ ఫుట్‌బాల్ టీముని ఒక పెద్ద కాన్ఫరెన్స్ రమ్మంది, వెళుతున్నారు. ఆ పెద్ద కాన్ఫరెన్స్‌లో ఆడే ఆటల పట్టిక తెరిచి పై నుంచి కిందికి రెండుసార్లు చదివాను. అందులో హాకీ లేదు. కాఫీ అక్కడే వదిలేసి నా గదికి పరిగెత్తాను.

ఇంటర్వెల్లో హెప్సీని పిలిపించాను. పెద్ద కిట్ బ్యాగు భుజాన వేసుకుని, తాపీగా వచ్చింది. ఆ వార్త తనకి రెండు రోజుల కిందటే తెలుసట. నేను కూర్చోబెట్టి విషయం చెప్పాను. ఒక కాలేజీకి తన కాన్ఫరెన్స్‌లో ఒక ఆట లేకపోతే ఆ ఒక్క ఆట కోసం ఇంకో కాన్ఫరెన్స్‌లో అతిథిగా చేరవచ్చు, దాన్ని అసోసియేట్ మెంబర్ అంటారు. ఎవరూ చేర్చుకోకపోతే ఆ టీముకి ఆడటానికి మనుషులు దొరకరు, కొన్నాళ్ళకి టీమునే ఎత్తేస్తారు. అందుకే రెండో కాలేజీ తలుపు తెరిచి ఉండటం ఇప్పుడు ముఖ్యం అన్నాను.

"ఆ కోచ్ త్రీ టైమ్స్ మెయిల్ పెట్టింది మిస్. ఫ్రైడే ఫైవ్ లాస్ట్ అంది. డాడీ రిప్లై అక్కర్లేదన్నారు."

ఎందుకక్కర్లేదు అని అడిగాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది.

"ఈ కాలేజీలో హాకీ పోతే కాన్ఫరెన్స్ వాళ్ళే నన్ను ఇంకో కాలేజీలో పెడతారంట కదా. మీరే చెప్పారంట."

నేనెప్పుడు చెప్పాను అనబోయి ఆగిపోయాను. అఫిలియేషన్ అన్న మాట నా నోట్లోంచి వచ్చిందే. మన దగ్గర ఒక కాలేజీకి అఫిలియేషన్ రద్దయితే యూనివర్సిటీ వాళ్ళు పిల్లల్ని దగ్గరి కాలేజీల్లో సర్దుతారు. కాన్ఫరెన్స్‌కి పిల్లలతో సంబంధమే లేదు. దానికి సభ్యులు కాలేజీలు మాత్రమే. ఒక కాలేజీ వెళ్ళిపోతే ఆ పిల్లలు ఏమయ్యారని కూడా అడగదు. నేను చెప్పాల్సిన ఆ ఒక్క ముక్కా చెప్పలేదు.

ప్రకాశ్ గారికి ఫోను చేశాను. ఫోర్క్‌లిఫ్ట్‌ల చప్పుడులో సగం మాట ఆయనకి, సగం నాకు వినపడలేదు. రేపు నాలుగింటికి డ్యూటీ దిగుతాను, ఇంటికి రండి మేడమ్ గారండి, కంగారేం లేదు అన్నారు. అమెరికాలో శుక్రవారం సాయంత్రం ఐదంటే మాకు శనివారం పొద్దున పది. మధ్యలో ఒక్క శుక్రవారం ఉంది.

శుక్రవారం మొదటి పీరియడ్‌లోనే హెప్సీని పక్కన కూర్చోబెట్టుకుని నది ఒడ్డు కాలేజీ కోచ్‌కి ఫోను చేశాను. ఆవిడ చాలా ఆప్యాయంగా మాట్లాడింది. అసోసియేట్ మెంబర్‌గా చేరే దారులు చూస్తున్నాం అంది. ఏ కాన్ఫరెన్స్‌లో అంటే, వ్యాలీలోనే హాకీ వరకు కొనసాగాలని మాట్లాడుతున్నాం అంది. హెప్సీ నేరుగా, ఆగస్టులో నేను వచ్చేసరికి టీము ఉంటుందా అని అడిగింది. మా ఉద్దేశం అదే అని జవాబు వచ్చింది. ఉంటుంది అన్న మాట ఆవిడ నోట రాలేదు.

ఫోను పెట్టేసి నా కాగితం తీశాను. వ్యాలీ చరిత్రలో నాలుగు కాలేజీలు బయటికి వెళ్ళాయి. నాలుగూ వెళ్ళేటప్పుడు ఏదో ఒక ఆట వరకు ఉంటామని అడిగాయి. ఒకరిది ఈత, ఒకరిది కుస్తీ, మిగతా ఇద్దరిదీ టెన్నిస్. నలుగురికీ వ్యాలీ కాదనే చెప్పింది. ఒక్కసారి కూడా మెత్తబడలేదు. ఆ వరసలన్నీ నేనే రాసుకున్నవి, ఆగస్టు నుంచి నా సొరుగులోనే ఉన్నాయి. కాలేజీ వెళ్ళిపోతుందని అప్పుడు నాకు తెలియదు, సరే. కానీ ఈ కాన్ఫరెన్స్ వెళ్ళేవాళ్ళతో ఎలా ఉంటుందో తెలుసు, దాన్ని ఆ తండ్రికి చెప్పడానికి ఇంకో పావుగంట కేటాయించలేకపోయాను. నా మీద నాకు చెప్పలేనంత కోపం వచ్చింది.

నాలుగున్నరకి వాళ్ళింటికి వెళ్ళాను. సుజాత గారు సాయంత్రం డ్యూటీకి తయారవుతూ యూనిఫాం మీద వాచీ పిన్ను పెట్టుకుంటున్నారు. ప్రకాశ్ గారు కుర్చీ వేసి, టీ పెట్టమన్నారు. వద్దని, నిలబడే చెప్పేశాను. కాన్ఫరెన్స్ ఎవర్నీ ఎక్కడా సర్దదు, నేనిచ్చిన పోలిక తప్పు, రేపు పదిలోగా రెండో కాలేజీకి జవాబివ్వకపోతే అది కూడా పోతుంది.

ఆయన నమ్మలేదు. భీమవరం దగ్గర ఇంజనీరింగ్ కాలేజీ ఆఫీసులో తొమ్మిదేళ్ళు చేశారట, అదీ అఫిలియేషన్ సెక్షన్లోనే. ఇన్‌స్పెక్షన్ కమిటీ వచ్చినప్పుడు ఫైళ్ళు మోసింది ఆయనే. "పక్కూరి కాలేజీకి అఫిలియేషన్ తీసేసినప్పుడు మూడు బస్సుల పిల్లల్ని తెచ్చి మా కాలేజీలో దింపారండి. నా చేత్తోనే రోల్ నంబర్లు వేశాను. ఒక్క పిల్ల కూడా రోడ్డున పడలేదండి" అన్నారు.

ఆయన ధీమా ఎక్కణ్ణుంచి వచ్చిందో అప్పుడు తెలిసింది. నేను గడియారం చూసుకుంటూ విసిరిన ముక్కని ఆయన తొమ్మిదేళ్ళ అనుభవం మీద కట్టుకున్నారు. కాగితం బల్ల మీద పరిచి, వెళ్ళిన నాలుగు కాలేజీల వరసలూ వేలు పెట్టి చూపించాను. ఫైళ్ళు చూసిన మనిషి కదా, రెండోసారి అడగలేదు. ఒక్కో వరసా తనే చదువుకున్నారు. చదివి, కళ్ళజోడు తీసి, "మరి అఫిలియేషన్ అని ఎందుకన్నారండి?" అని అడిగారు.

"బయట ఇంకొకళ్ళు ఉన్నారని. మీకు తొందరగా అర్థమైతే పంపించెయ్యొచ్చని."

అంతకన్నా మెత్తగా చెప్పడానికి నాకేమీ దొరకలేదు. ఆయన మొహం చూడలేక నేను టీవీ పక్కన ఉన్న హాకీ మెడల్స్ వైపు చూశాను.

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, మాట ఇచ్చేశాం కదండీ, సంఘం ముందు సాక్ష్యం కూడా చెప్పాను, ఇప్పుడు ఎలా వెనక్కి తీసుకుంటాం అన్నారు. దానికి సుజాత గారు గుమ్మంలోంచే జవాబిచ్చారు. "మీరు సాక్ష్యం చెప్పింది దేవుడు మేలు చేశాడనండి. ఆ కాలేజీకి పూచీ ఉంటామని చెప్పలేదు. పిల్లనడగండి." బ్యాగు తీసుకుని డ్యూటీకి వెళ్ళిపోయారు, బస్సు దాటిపోతుందని.

పిల్లనడిగాం. హెప్సీ గుట్ట మీది కాలేజీకే వెళతానంది. ఇక్కడ నాకూ ఆ ఇంటికీ పేచీ వచ్చింది. ముందు రెండో కాలేజీలో సీటు ఉందో లేదో కనుక్కుందాం, ఉంటేనే మొదటిదానికి కాదని చెబుదాం అన్నది నా పద్ధతి. ఈ వృత్తిలో అందరి పద్ధతీ అదే. ప్రకాశ్ గారు ఒప్పుకోలేదు. ఒకరికి మాట ఉంచుకుని ఇంకొకరిని అడగడం మా ఇంట్లో లేదండి అన్నారు. రెండు చేతులూ ఖాళీ అయిపోతాయి, రేపు వాళ్ళు కాదంటే ఏం చేస్తారు అని నేను దాదాపు కసిరాను. హెప్సీ వాళ్ళ నాన్న వైపు చూసి, లాప్‌టాప్ తెచ్చుకుని, నది ఒడ్డు కాలేజీ కోచ్‌కి నాలుగు వాక్యాలు రాసింది. నా స్థానం వేరే ఎవరికైనా ఇవ్వండి అని చివరి వాక్యం. నేను వద్దంటూనే ఉన్నాను, పంపేసింది. ఆ సాయంత్రం మౌంట్ ఆల్బర్ట్‌లో మా ఇంటికి డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళిన దారి నాకు అస్సలు గుర్తు లేదు.

శనివారం పొద్దున ఎనిమిదిన్నరకి మళ్ళీ అక్కడే ఉన్నాను. గుట్ట మీది కాలేజీ కోచ్ ఫోను ఎత్తలేదు. మెసేజ్ పెట్టాం. తొమ్మిదికి చేస్తే అసిస్టెంట్ ఎత్తింది. మ్యాచ్‌కి వెళుతున్నాం, కోచ్ బస్సులో ముందు కూర్చుంది, చెబుతాను అని పెట్టేసింది. తొమ్మిదీ పది, తొమ్మిదీ ఇరవై. ప్రకాశ్ గారు కిటికీ దగ్గరికి వెళతారు, వస్తారు. సుజాత గారు డ్యూటీ అలసటతో సోఫాలో కళ్ళు మూసుకున్నారు, పెదవులు మాత్రం కదులుతున్నాయి. హెప్సీ గోళ్ళు కొరుకుతోంది. నేను మళ్ళీ చేద్దామంటే, వాళ్ళని విసిగిస్తే అసలుకే మోసం వస్తుందని ప్రకాశ్ గారు. తొమ్మిదీ ముప్ఫైఐదుకి ఫోను మోగింది.

నేనెత్తాను. కోచ్ గొంతు పొడిగా ఉంది. వేసవి నుంచి ఒక తండ్రి ఉత్తరాలు చదువుతున్నాను, ఆయన చాలా మర్యాదస్తుడు, కానీ ఆ అమ్మాయి గొంతు ఒక్కసారి కూడా వినలేదు, ఇష్టం లేదనే అనుకున్నాను అంది. యూరప్‌లో ఇంకో గోల్‌కీపరు ఎదురుచూస్తోంది, ఐదింటికి ఆ పిల్లకి చేద్దామని ఉన్నాను అంది. అమ్మాయి ఉంటే ఇవ్వండి అంది.

ఫోను స్పీకర్‌లో పెట్టి హెప్సీ చేతిలో పెట్టాను. వస్తానని చెప్పు, అంతే చెప్పు అని సైగ చేశాను. ప్రకాశ్ గారు కూడా రెండు చేతులూ జోడించి అదే సైగ.

హెప్సీ థాంక్యూ చెప్పి, ముందు ఒక ప్రశ్న అంది. "మీ కాన్ఫరెన్స్‌లో హాకీ ఎన్ని కాలేజీలు ఆడుతున్నాయి? వెళ్ళిపోయేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

ఆ కాన్ఫరెన్స్ కాగితం కూడా నేను రాశాను, దాని ప్రకారం ఏడు. ఒక ఆటకి ఆరుగురు సభ్యులు లేకపోతే ఆ కాన్ఫరెన్స్‌లో గెలిచినవాళ్ళకి జాతీయ పోటీల్లో నేరుగా చోటు దొరకదు, ఆ తర్వాత ఒక్కొక్కరే జారుకుంటారు. కానీ ఆ సమయంలో అడగాల్సిన ప్రశ్నేనా అది? అవతల బస్సు ఇంజన్ చప్పుడు వినిపిస్తోంది. గడియారం తొమ్మిదీ నలభై దాటింది.

కోచ్ నవ్వలేదు, విసుక్కోలేదు. "ఏడు. ఒకరు ఏడాది తర్వాత వెళ్ళిపోతారని వింటున్నాను. ఇంకా బయటికి రాలేదు, నీకు చెబుతున్నాను. అప్పుడు ఆరుగురం మిగులుతాం. సరిగ్గా ఆరు. ఇంతవరకు నన్ను ఈ మాట ఏ పిల్లా అడగలేదు" అంది.

హెప్సీ వాళ్ళ నాన్న వైపు చూసింది. ఆయన చేతులు దించేశారు. సరే, వస్తాను అంది. ఆ ఆరుగురు కాస్తా ఐదుగురైతే మాత్రం నాకు ముందు మీరే చెప్పాలి అని కూడా అంది. కోచ్ మాటిచ్చింది. ఫోను పెట్టేశాక సుజాత గారు మోకాళ్ళ మీద కూర్చుని ఏడ్చారు. నేను బయటికి వెళ్ళి కారుకి ఆనుకుని కాసేపు నిలబడ్డాను.

నవంబరులో సంతకాలయ్యాయి. నిరుడు ఆగస్టులో హెప్సీ వెళ్ళింది. అక్కడ ఆడుతోంది, ఆ ఆరుగురూ ఇప్పటికైతే ఉన్నారు. ఈ కేసుని ఇక్కడితో ఆపి, తొందరపాటు పోలికలు చెప్పకూడదని నేర్చుకున్నాను అని ముగిస్తే అందంగానే ఉండేది. కొన్ని నెలలు నేనూ అలాగే చెప్పుకున్నాను, ఒక వర్క్‌షాపులో మా వాళ్ళందరి ముందూ చెప్పి చప్పట్లు కూడా కొట్టించుకున్నాను.

కానీ హెప్సీ వెళ్ళకముందే, ఆ మార్చిలో, నది ఒడ్డు కాలేజీ హాకీ టీముని ఎత్తేసింది. వ్యాలీ ఎప్పటిలాగే కాదంది. ఇంకెవరూ చేర్చుకోలేదు. ఆ వారంలోనే వైకాటో ప్రాంతం నుంచి ఒకాయన ఫోను చేశాడు. ఆవుల ఫారం ఉన్న కివీ, అంటే ఈ దేశం వాడే, నెమ్మదైన మనిషి. వాళ్ళమ్మాయి గోల్‌కీపరు. నవంబరులో నది ఒడ్డు కాలేజీకి సంతకం పెట్టింది. అక్టోబరు చివర్లో హఠాత్తుగా ఒక స్థానం ఖాళీ అయిందని వాళ్ళే పిలిచారట, ఇంటిల్లిపాదీ సంబరపడ్డారట. ఇప్పుడు టీము లేదని మెయిల్ వచ్చింది. మిగతా కాలేజీలన్నీ గోల్‌కీపర్లని తీసేసుకున్నాయి. ఇలాంటివి మీకు తెలుసని వాళ్ళ స్కూలు వాళ్ళు నా నంబరు ఇచ్చారు. అసలు ఈ కాన్ఫరెన్స్ అంటే ఏమిటి, మాకెవరూ చెప్పలేదు అన్నాడు.

ఆ ఖాళీ ఎవరు వదిలిందో నాకు తెలుసు. ఎవరి కాగితం చూసి వదిలారో కూడా తెలుసు. ఆ రోజు నాకు మా పిల్ల తప్ప ఇంకో పిల్ల ఉంటుందన్న ఊహే రాలేదు. దేశంలోని కెరీర్స్ అడ్వైజర్లందరికీ కలిపి ఒక మెయిల్ గ్రూపు ఉంది. ఎన్నో పనికిరాని సంగతులు అందులో పెట్టుకుంటాం. వ్యాలీ వెళ్ళినవాళ్ళని మళ్ళీ రానివ్వదు అన్న ఒక్క వాక్యం అందులో పెట్టడానికి రెండు నిమిషాలు పట్టేది. ఇప్పుడు ఏ కాలేజీ ఏ కాన్ఫరెన్స్ నుంచి కదిలినా, నా దగ్గర ఆ ఆట ఆడే పిల్ల ఉన్నా లేకపోయినా, ఆ రోజే కాగితం మొత్తం అందరికీ పంపిస్తాను. కొందరు విసుక్కుంటారు కూడా.

ఆయనకి మాత్రం ఏ పోలికా లేకుండా, మొదటి నుంచి, గంటసేపు చెప్పాను. ఆయన రాసుకున్నాడు, పెన్ను చప్పుడు వినిపించింది. నాలుగు కాలేజీల సంగతి వచ్చేసరికి రాయడం ఆపాడు.

"ఈ కాలేజీకీ ఇదే జరుగుతుందని మీకెప్పుడు తెలిసింది?" అని అడిగాడు.

"అక్టోబరులో" అన్నాను.